పాతకాలపు లోపలి పావడా

బందరు రేవు నుండి సముద్రాలు దాటిన అద్దకపు బట్టల కథ గ్రంథాలకెక్కినది. వాటికోసమే 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ వర్తక స్థావరాలు ఏర్పరచుకొన్నారు. డచ్చివారిని మనవారు వలందులన్నారు. బందరులోని వలందపాలెం వారి పేరుననే వెలసినది. కోరమాండల్ తీరపు అద్దకంతో 18వ శతాబ్దంలో ఐరోపా స్త్రీలకై కుట్టిన పావడాలు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నవి. మరి మన అమ్మమ్మలు చీర క్రింద కట్టిన తెల్లని పావడా ఎక్కడ ఉన్నది?

గోచీ పోసి చీర కట్టిన తరాలకు దానితో పని లేదు. అది వాడుకలోకి వచ్చిన ఇళ్ళలోనూ దాచినవారు అరుదు. పట్టుచీరకు పెట్టెలో చోటున్నది. లోపలి పావడా మెత్తబడితే పసిబిడ్డకు పొత్తిగుడ్డ అయ్యేది, పిదప బొంతలో చేరేది, చివరకు లాంతరు తుడిచే మసిగుడ్డగా ముగిసేది. దివిసీమలోనైతే 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఇళ్ళతోపాటు పెట్టెలను కూడా తీసుకొనిపోయినది. ఇక మిగిలినది కుట్టిన చేతుల జ్ఞాపకమే. కావున ఆ వస్త్రాన్ని ఎరుగవలెనన్న దానిని కుట్టి చూడవలసినదే.

కొత్తగా సూది పట్టినవారికి ఇది అనువైన తొలిపాఠం. ఇందులో వంపు కత్తిరింపు ఒక్కటీ లేదు. ముందుగా కోరా నూలుబట్టను నీట నానబెట్టి ఆరవేయండి. కుంచించుకొనేదేదో కుట్టకముందే కుంచించుకొంటుంది. నిలువు 38 అంగుళాలు కావలెనంటే, పైన బొందు మడతకు ఒకటిన్నర, క్రింది మడతకు రెండున్నర కలిపి 42 అంగుళాల ముక్కలు మూడు తీయాలి. 36 అంగుళాల పన్నాలో మూడున్నర గజాలు సరిగా సరిపోవును. ఒక్క పీలిక వృథా కాదు. కత్తిరించే చోట అడ్డుపోగు ఒకటి లాగివేస్తే, ఆ జాడ వెంట కత్తెర వంకర పోదు.

పన్నా అంచుల పోగులు ఊడవు గనుక వాటిని ఒకదానికొకటి చేర్చి కుట్టితే చాలు. నాలుగైదు కుట్లకొకసారి సూదిని వెనుకకు త్రిప్పి ఒక కుట్టు వేస్తే దారం జారదు. మూడవ అతుకు పైభాగాన జానెడు వదలండి. పై మడతలో బొందు దూర్చి లాగితే కుచ్చులు వాటంతట అవే వస్తవి. ఎదిగే పిల్లల పరికిణీకయితే అంగుళం లోతు టక్కు వేసేవారు. పిల్ల పొడుగైనప్పుడు ఆ కుట్టు విప్పితే రెండంగుళాలు దిగేది.

ఐరోపాలోనూ 18వ శతాబ్దపు స్త్రీల లోచొక్కా ఇట్టి నలుచదరపు ముక్కలతోనే కుట్టబడేది. మన లాల్చీకి వలెనే చంకలో చిన్న చదరపు ముక్క చేరేది. బట్ట ప్రియమైన కాలంలో ఏ దేశపు గృహిణికైనా పొదుపే కత్తెరను నడిపినది.

గుడివాడలోనో, అవనిగడ్డలోనో మీ ఇంట ఎనుబదులు దాటిన పెద్దమ్మ ఉంటే, కుట్టిన పావడాను ఆమె చేతికివ్వండి. టక్కులెన్ని వేసేవారో, బొందు ఏ వైపున ముడివేసేవారో అడగండి. ఆ సంగతులు ఏ మ్యూజియమూ మనకు చెప్పజాలదు.