ఎంపిక కాని పిల్లల కోచ్



రాయ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలూ, ఇక్కడ వ్యాయామ విద్య చదువుతున్న పిల్లలూ కలిసి కూర్చున్న సభ ఇది. కాలేజీ హాకీ కోచ్ కావాలంటే దారేదో చెప్పమన్నారు.

ఈ ఛత్తీస్‌గఢ్ నేలకు హాకీ కొత్త కాదు. మూడు ఒలింపిక్ స్వర్ణాల లెస్లీ క్లాడియస్ పుట్టింది బిలాస్‌పూర్‌లో. హాకీ క్రీడాకారిణి సబా అంజుమ్ దుర్గ్ అమ్మాయి. రాజ్‌నంద్‌గావ్ రేణుకా యాదవ్ 2016లో రియో ఒలింపిక్స్ ఆడింది. 2015 డిసెంబరులో మన పటేల్ స్టేడియంలోనే భారత జట్టు నెదర్లాండ్స్‌తో 5-5 దగ్గర నిలిచి, షూటౌట్‌లో గెలిచి వరల్డ్ లీగ్ ఫైనల్ కాంస్యం అందుకుంది. ఆ టోర్నీ చూసిన చిన్నపిల్లలు ఇప్పుడు కాలేజీ ఈడుకొచ్చారు.

వాళ్లకు ఆట నేర్పేదెవరు? మన కాలేజీల్లో హాకీకని విడిగా కోచ్ పోస్టు దాదాపు కనబడదు. ఇక్కడ క్రీడాధికారి ఉంటారు, ఆంధ్ర, తెలంగాణల్లో ఫిజికల్ డైరెక్టర్. కబడ్డీ జట్టూ, చెస్ జట్టూ, అథ్లెటిక్స్ మీటూ అన్నీ ఆ ఒక్కరివే. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఆ ఉద్యోగానికి వ్యాయామ విద్యలో 55 శాతంతో పీజీ, నెట్ వంటి అర్హత, ఆడిన రికార్డు కావాలి. దేహదారుఢ్య పరీక్ష కూడా ఉంది: 30 ఏళ్లలోపు మగవారు 12 నిమిషాల్లో 1800 మీటర్లు, ఆడవారు 8 నిమిషాల్లో 1000 మీటర్లు పూర్తి చేయాలి. పరుగు మంచిదే. పెనాల్టీ కార్నర్ దగ్గర రక్షణ ఎలా నిలబెట్టాలో మాత్రం ఆ పరీక్ష అడగదు. అది నేర్చుకోవాలంటే పటియాలా జాతీయ క్రీడా సంస్థ (ఎన్.ఐ.ఎస్.) డిప్లొమా, లేదా హాకీ ఇండియా కోచింగ్ కోర్సులు. కాబట్టి రెండు దారులూ పట్టండి. పీజీ, నెట్ ఉద్యోగం ఇస్తాయి, డిప్లొమా ఆట నేర్పే నైపుణ్యాన్నిస్తుంది. ఒకటి చాలనుకున్నవారు మధ్యలో ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

దీన్ని అమెరికాతో పోల్చి చూడండి. అక్కడ కాలేజీ ఫీల్డ్ హాకీ ప్రధానంగా అమ్మాయిల ఆట. కోచ్‌కు ఆ ఒక్క ఆటే పని. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో కరెన్ షెల్టన్ నాలుగు దశాబ్దాలు దాటి కోచ్‌గా ఉండి, 2022లో పదో జాతీయ టైటిల్‌తో విరమించారు. ఆ కుర్చీలోకి ఆమె శిష్యురాలు ఎరిన్ మ్యాట్సన్ 22 ఏళ్లకే వచ్చి, 2023లో తన తొలి సీజన్‌లోనే టైటిల్ గెలిచింది. ఆడటం ఆపిన మరుసటి ఏడాదే కోచ్! మన పిల్లలకు ఆ వయసులో ఇంకా పీజీ ప్రవేశమే జరుగుతుంటుంది.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. ప్రతిభ బాగా కనబడిన పిల్లలను భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రాలు, క్రీడా హాస్టళ్లు ముందే ఎంచుకుంటాయి. కాలేజీ కోచ్ దగ్గరికి వచ్చేది ఎక్కువగా ఆ జాబితాలో పేరు లేని అమ్మాయి. పద్దెనిమిదేళ్లు, మట్టి మైదానంలో ఆడిన చేతులు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. టర్ఫ్ మీద బంతి వేగం చూసి మొదటి వారం బెదురుతుంది. నడుము వంచి కిందికి ఆడటం, మొదటి స్పర్శలోనే బంతిని ఆపడం ఓపిగ్గా నేర్పితే ఆరు నెలల్లో ఆమె వేరే క్రీడాకారిణి అవుతుంది. జట్టులో చోటు రాకపోతే అంపైరింగ్ నేర్పండి, జూనియర్ల శిక్షణ అప్పగించండి. రేపటి కోచ్ ఆమెలోంచే రావాలి. చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టిన గోల్‌కీపర్ రజని 2022 కామన్వెల్త్ కాంస్య జట్టులో ఉంది. తెలుగింటి ఆడపిల్లకు హాకీ ఏమిటని అడిగే తల్లిదండ్రులకు ఆమె పేరు చెప్పండి.

ఈ సభలో ప్రిన్సిపాళ్లున్నారు, వారికి నా అభ్యర్థన ఒక్కటే. అన్ని ఆటలకూ ఒకే మనిషిని పెట్టి హాకీ పెరగలేదనకండి. వచ్చే ఏడాది క్రీడా నిధిలోంచి డిప్లొమా ఉన్న ఒక యువ కోచ్‌కు కనీసం పది నెలల జీతం కేటాయించండి, వారానికి రెండు పూటలు పిల్లలను టర్ఫ్ మీదికి తీసుకెళ్లడానికి బస్సు ఇవ్వండి. పటేల్ స్టేడియం మన ఊళ్లోనే ఉంది.