డిస్కు బ్రేకు సైకిలుకు పాలక్యాను కట్టేముందు
(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గుడివాడ, బందరు, దివిసీమ సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము పుస్తకాలతోపాటు కేంద్రం ముందు నిలిపిన సైకిళ్ళను కూడా చూస్తాము. పాత సైకిలుతో చిక్కు లేదు. బ్రేకు రిమ్ము దగ్గర ఉంటుంది, క్యారియరు కాళ్ళు ఇరుసు నట్టు కింద కూర్చుంటాయి. ఇప్పుడు పిల్లవాడు బడికి తొక్కే డిస్కు బ్రేకు సైకిలే పొద్దున పాలకు కూడా వస్తున్నది. దాని వెనుక బ్రేకు ఇరుసు పక్కన, ఎడమవైపున ఉంటుంది. క్యారియరు కాలు సరిగ్గా అక్కడికే దిగుతుంది.

కొందరు మేస్త్రీలు కాలును వంచి ఇరికిస్తారు, లేదా బ్రేకు బిగించిన బోల్టుకే తగిలిస్తారు. దీనికి ఒప్పుకోవద్దు. 20 లీటర్ల పాలు 20న్నర కిలోలకు పైమాటే, క్యాను బరువు వేరు. గతుకుల్లో ఆ బరువంతా బ్రేకు బోల్టును లాగుతుంది. చీకటివేళ కాలువ గట్టు మీద బోల్టు వదిలితే పోయేది పాలు మాత్రమే కాదు, తొక్కేది మన పిల్లవాడు.

డిస్కు సైకిళ్ళకని కాళ్ళు వెడల్పుగా చేసిన క్యారియరు దొరికితే అదే కొనండి. దొరకకపోతే ఫ్రేముకు, కాలుకు నడుమ చిన్న ఇనుప బుష్ వేసి, అంత మేరకు పొడుగైన బోల్టు బిగించాలి. మరీ మందం బుష్ వేస్తే బోల్టు వంగుతుంది. ఫ్రేముకు బోల్టు రంధ్రాలే లేకపోతే క్లాంపులు వేస్తామంటారు. అవి కూరగాయల సంచికి చాలు, పాలక్యానుకు చాలవు. క్యారియరు మీద 25 కిలోలు అని ఉంటే అది క్యానుతో కలిపిన లెక్క.

బిగించాక చక్రం ఎత్తి తిప్పండి. ఎక్కడా రాసుకోకూడదు, బ్రేకు తీగ నలగకూడదు. తరువాత క్యానులో నీళ్ళు నింపి, వాకిట్లోనే తొక్కి బ్రేకు పట్టి చూడండి. తాడు కొన వేలాడనివ్వకండి.

మరొక మాట. గేదె పాలలో వెన్న ఎక్కువని మనకు ధర వస్తుంది. ఆ వెన్నే డిస్కు మీద కారితే బ్రేకు జారుతుంది. మూత రబ్బరు సరిచూసుకోండి. కిర్రుమన్నదని నూనె అసలే పోయకండి. డిస్కును స్పిరిట్‌తో తుడవాలి. లోపలి ప్యాడ్లు నూనె పీల్చితే మార్చవలసిందే.

నాగాయలంక, కోడూరు వైపు ఉప్పుగాలికి మామూలు బోల్టు త్వరగా తుప్పుపడుతుంది. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులే వేయించి, వారానికొకసారి బిగువు చూడండి. సంఘంలో ఒక డబ్బాలో నాలుగు బోల్టులు, బుష్‌లు, ఒక పానా ఉంచుకుంటే మంచిది. ఆ ఖర్చుకు పాలకవర్గ తీర్మానం రాసి, రసీదు అతికించండి. వచ్చే తనిఖీలో మేమే అడుగుతాము.