ఇంటెనుక పది మిర్చి మొక్కలు

భైంసా నల్లరేగడిల పత్తి, సోయా పండిస్తం. కూరలకు కారం మాత్రం ప్యాకెట్ల కొంటం. 2017 ఏప్రిల్ల మిర్చి ధర పడిపోయి ఖమ్మం మార్కెట్ల రైతులు కడుపుమండి లేచిండ్రు. తర్వాత పది మందిని సంకెళ్లేసి కోర్టుకు తెచ్చిండ్రు. అప్పుడు మీ దుకాణంల కారం అగ్గువైందా, చెప్పుండ్రి?

ఇంటెనుక పది మొక్కలన్న పెట్టుండ్రి. ఏడాది కారానికి ఎల్లదు, నాకెరుకే, తొక్కుకు ఎల్లుతది. మన రేగడిల నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతది, బోదె మీద నాటుండ్రి. ఆకు ముడుచుకుంటే యాపగింజల కషాయం కొట్టుండ్రి. పచ్చికాయలు, ఎల్లిగడ్డ, పల్లీలు ఏంచి, ఉప్పేసి రోట్ల కచ్చాపచ్చాగ దంచితే జొన్నరొట్టెకు ఇంకో కూరెందుకు? సరిహద్దు అవతల మరాఠోళ్లు దాన్నే ఠేచా అంటరు.

హైబ్రిడ్ కాయ గింజ దాస్తే మల్ల అదే తీరు రాదు. నాటుగింజ ఉన్నోళ్లు వచ్చే మీటింగుకు ఇంత పొట్లం కట్టుకొని తెండ్రి.