ఎవరి గంటలు లెక్కపెట్టారు?



విషపు నేల మీద గోల్ఫ్ మైదానం వేశారంటే మనకి ముందు నవ్వొస్తుంది. డబ్బున్న మగవాళ్ళ ఆట, మనకెందుకులే అనిపిస్తుంది. నేనివాళ మాట్లాడదలుచుకున్నది ఆట గురించి కాదు, 'శుభ్రం' అనే మాట గురించి.

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో అనకొండ అనే ఊరుంది. 1884లో అక్కడ రాగి ఖనిజాన్ని కరిగించే కర్మాగారం మొదలైంది. తర్వాత ఇంకా పెద్దది కట్టారు. దాదాపు వందేళ్ళు ఊరంతా దాని మీదే బతికింది. 1980లో ఆర్కో కంపెనీ దాన్ని మూసేసింది. మిగిలింది ఆర్సెనిక్ (మనం పాషాణం అంటామే, అది), సీసం కలిసిన మట్టీ, గుట్టలకొద్దీ నల్లటి చిట్టెమూ. 1983లో ఆ ప్రాంతాన్ని ప్రమాదకర వ్యర్థాల 'సూపర్‌ఫండ్' జాబితాలో చేర్చారు. 1997లో పాత కర్మాగారం నేల మీద, పేరున్న ఆటగాడు జాక్ నిక్లాస్ రూపకల్పన చేసిన 'ఓల్డ్ వర్క్స్' గోల్ఫ్ మైదానం తెరిచారు. విషపు మట్టిని చాలావరకు తవ్వి తీసెయ్యలేదు. దాని మీద సున్నపురాయి, బంకమన్ను, మంచి మట్టి కప్పి పచ్చిక పెంచారు. ఇసుక గుంటల్లో ఇసుకకి బదులు నల్ల చిట్టెం పోశారు.

ఊరివాళ్ళే దీన్ని కోరుకున్నారు. పనులు పోయిన ఊరు మరి, వాళ్ళని తప్పుపట్టలేను. పైగా మైదానం క్లబ్బు సభ్యులకే పరిమితం కాదు. గాలికి లేచే విషాన్ని కప్పడం, వదిలెయ్యడం కంటే నయమే.

అయితే ఎంత మట్టి తియ్యాలి, ఎంత ఉంచొచ్చు అన్నది ఎలా తేల్చారు? అనకొండలో ఇళ్ళున్న చోట కిలో మట్టిలో 250 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ దాటితే శుభ్రం చెయ్యాలన్నారు. వ్యాపార స్థలమైతే 500. ఆటపాటల స్థలమైతే 1000! మట్టి అదే, విషం అదే. మనిషి అక్కడ ఎన్ని గంటలుంటాడు, ఎంత దుమ్ము లోపలికి పోతుంది అన్న అంచనా మారింది, అంతే. అంటే గోల్ఫ్ అనేది శుభ్రం చేశాక వేసిన అలంకారం కాదు. ఎంత శుభ్రం చెయ్యాలో తేల్చే లెక్కలోనే అది ఉంది. కొన్ని గంటలు ఆడి వెళ్ళిపోయే మనిషిని కొలమానం చేసుకుంటే నాలుగు రెట్ల విషం 'ఫరవాలేదు' అవుతుంది.

మరి రోజంతా అక్కడే ఉండేదెవరు? కర్మాగారం పక్కనే మిల్ క్రీక్ అని చిన్న ఊరుండేది. అక్కడి పిల్లల మూత్రంలో ఆర్సెనిక్ ఎక్కువగా ఉందని పరీక్షల్లో తేలింది. 1986లో చిన్నపిల్లలున్న కుటుంబాలని తాత్కాలికంగా తరలించారు. 1987లో అందర్నీ శాశ్వతంగా తరలించాలని నిర్ణయించారు. ఆ తర్వాత ఇళ్ళు కూల్చేశారు. నేల మీద పాకి చేతులు నోట్లో పెట్టుకునే పిల్లలకీ, ఆ ఇళ్ళు ఊడ్చి దులిపే తల్లులకీ ఆట గంటల లెక్క సరిపోదు. అనకొండ ఊళ్ళో ఇళ్ళ అటకల మీది దుమ్ము సంగతి, పెరళ్ళలో సీసం సంగతి ప్రభుత్వ నిర్ణయంలో చేరింది 2013లో. మైదానం తెరిచిన పదహారేళ్ళకి! ఇల్లు దులిపేవాళ్ళని మొదటే అడిగి ఉంటే ఇంతకాలం పట్టేదా?

అడగకపోవడం ఒకటి, చెప్పినా వినకపోవడం ఇంకొకటి. 1978లో న్యూయార్క్ రాష్ట్రంలోని లవ్ కెనాల్‌లో, పూడ్చిన రసాయనాల పక్కన కాపురముంటున్న లోయిస్ గిబ్స్, తోటి స్త్రీలు ఇంటింటికీ తిరిగి గర్భస్రావాలు, పిల్లల జబ్బులు రాసుకున్నారు. ఇంటి ఆడవాళ్ళ లెక్కలు పనికిరావని అధికారులు తోసేశారు. సూపర్‌ఫండ్ చట్టం 1980లో వచ్చిందంటే అందులో ఆ స్త్రీల పోరాటం పాలు చాలా ఉంది.

భోపాల్ నుంచి 2025 జనవరిలో 337 టన్నుల వ్యర్థాలని పీతంపూర్ తరలించి, ఆ ఏడాదే కాల్చేశారు. యూనియన్ కార్బైడ్ ఆవరణలో పూడ్చిపెట్టినవీ, నేల కింది నీళ్ళలోకి దిగినవీ ఆ 337 టన్నుల్లో లేవు. రేపు ఆ స్థలంలో స్మారకం కట్టినా, ఉద్యానవనం వేసినా, అనకొండ పద్ధతే పాటిస్తే సందర్శకుడు అక్కడ గడిపే గంటల్నే లెక్కేస్తారు. చుట్టుపక్కల బస్తీల్లో ఏళ్ళ తరబడి బోరింగు నీళ్ళతో వండి, అంట్లు తోమి, పిల్లలకి తాగించిన ఆడవాళ్ళ గంటలు ఆ కాగితంలో ఉన్నాయో లేదో పునాది రాయి వెయ్యకముందే అడగాలి.