ఫెర్రెట్‌కి ఇల్లు వెతకడం

ముంగిసలా పొడుగ్గా, సన్నగా ఉండే ఫెర్రెట్‌ని అమెరికా, బ్రిటన్‌లలో చాలామంది పెంచుకుంటారు. బ్రిటన్‌లో కుందేళ్ల వేటకని బొరియల్లోకి వదిలినవి కొన్ని తప్పిపోయి, సంరక్షణ కేంద్రాలకు చేరతాయి. అక్కడ మొదటి పని, వచ్చినదాన్ని కొన్నాళ్లు వేరుగా ఉంచడం. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సోకితే ఫెర్రెట్ బతకడం దాదాపు కల్ల, అందుకే టీకా తప్పదు. మనుషుల ఫ్లూ కూడా వీటికి అంటుకుంటుంది. జ్వరం తగిలిన కార్యకర్త ఇంట్లో కూర్చోవాల్సిందే!

దత్తతకు వచ్చేవాళ్లని గుచ్చిగుచ్చి అడుగుతారు. అడగాలి కూడా. రబ్బరు చెప్పులు, రిమోట్లు ఎక్కడ పెడతారు? ఆ రబ్బరు ముక్క కొరికి మింగితే పేగుకి అడ్డుపడి ఆపరేషన్ దాకా వెళ్తుంది. వాషింగ్ మెషిన్ వెనక సందు మూశారా? తల పట్టిందంటే ఒళ్లంతా దూరిపోతుంది. ఫెర్రెట్ పూర్తిగా మాంసాహారి, పెరుగన్నంతో పెంచుదామంటే కుదరదు. నడివయసు దాటాక అడ్రినల్ గ్రంథి జబ్బులు, ఇన్సులినోమా అనే క్లోమ గ్రంథి కణితులు తరచూ వస్తాయి. ముద్దొచ్చే మొహం చూసి వైద్యుడి బిల్లు తగ్గదు కదా. కాలిఫోర్నియాలోని మనవాళ్లు మాత్రం ఆశ పెట్టుకోవద్దు, అక్కడ వీటిని పెంచుకోవడం చట్టవిరుద్ధం. అనుమతి ఉన్నచోట్ల, కలిసి పెరిగిన జంటను విడదీయకుండా తీసుకెళ్తామంటే కేంద్రంవాళ్ల మొహం వెలిగిపోతుంది.