మూడు పడవల ప్రయాణం



ఆ మధ్య ఒక సాయంత్రం మా ఎదురింటి అమ్మాయి చేతిలో శ్రుతిపెట్టె పట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఆమె పుట్టిల్లు పులివెందుల, అత్తగారిల్లు జమ్మలమడుగు, కాపురం మా ప్రొద్దుటూరు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదువుకొని, బెంగుళూరు కంపెనీ ఒకదానికి ఇంట్లో కూర్చునే సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది. శని, ఆదివారాలు జమ్మలమడుగు వెళ్ళి పన్నెండు మంది పిల్లలకు సంగీతం చెబుతుంది. "ఇది మీ దగ్గరే ఉంచుకోండత్తా, నాకింక కుదరదు" అని ఆ పెట్టెను బల్ల మీద పెట్టేసింది.

"ఏందమ్మా, ఏమైంది?" అన్నాను.

ఏమీ కాలేదట. రాత్రి పది దాటినా అమెరికా వాళ్ళతో మాటలు తెమలవు. తెల్లవారితే పాప బడి, క్యారియరు, మామగారి మందులు. సాధనకు కూర్చుంటే కునుకు పడుతుంది. "రెండు పడవల మీద కాళ్ళు పెడితేనే మునుగుతారంటారు, నేను మూడింటి మీద పెట్టినాను" అని నవ్వింది గాని, కళ్ళలో నీళ్ళు కనబడుతూనే ఉన్నాయి. అప్పటికి ఏం చెప్పాలో తోచక కాఫీ ఇచ్చి పంపించాను. ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచించిన సంగతులే ఈ రోజు మీతో చెప్పుకుంటాను.

సంగీతం వేరు, కంప్యూటరు వేరు అని మనం అనుకుంటాం గదా. నిజానికి ఈ రెండూ దగ్గరి చుట్టాలే. మనందరం చిన్నప్పుడు సరళీవరుసలు మొదలుపెట్టిన రాగం మాయామాళవగౌళ. ఆ పేరులో మొదటి రెండక్షరాలు మా, యా. కటపయాది లెక్కలో మకారానికి 5, యకారానికి 1. తిరగేసి చదివితే 15. అది పదిహేనవ మేళకర్త అన్నమాట! ధీరశంకరాభరణం చూడండి, ధీ అంటే 9, ర అంటే 2, తిరగేస్తే 29. పేరులోనే చిరునామా దాచిపెట్టారు. రిషభ గాంధారాల జంటలు ఆరు, ధైవత నిషాదాల జంటలు ఆరు, మధ్యమాలు రెండు. ఆరును ఆరుతో, దాన్ని రెండుతో హెచ్చిస్తే 72 మేళకర్తలు. పదిహేడవ శతాబ్దంలోనే వేంకటమఖి ఈ 72 లెక్క కట్టిపెట్టాడు. కంప్యూటరు మనుషులు చేసే పని ఇంతకంటే వేరుగా ఉంటుందా? నేను మెట్రిక్‌తో చదువు ఆపినదాన్ని, నాకేం తెలుస్తుందని ఆ అమ్మాయినే అడిగాను. "అచ్చంగా ఇదే అత్తా" అన్నది.

1843లో ఇంగ్లండులో అడా లవ్‌లేస్ అనే ఆమె, ఛార్లెస్ బాబేజ్ ఊహించిన లెక్కల యంత్రం గురించి రాస్తూ, స్వరాల మధ్య సంబంధాలను లెక్కల భాషలో పెట్టగలిగితే ఆ యంత్రం సంగీతం కూడా కూర్చగలదు అన్నది. అప్పటికి ఆమెకు ముగ్గురు పిల్లలు. (ఇంటినిండా పనివాళ్ళు ఉండి ఉంటారనుకోండి!) అంతదూరం ఎందుకు, ఆ అమ్మాయి నా బల్ల మీద పెట్టిన పెట్టె సంగతే చూడండి. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెను, తంబూరాను ఇంటింటికీ తెచ్చినవారు బెంగుళూరులోని జి. రాజ్ నారాయణ్‌గారు. ఆయన చదివింది ఇంజనీరింగు, వాయించేది వేణువు. రెండూ ఒకే మనిషిలో ఉండబట్టే ఆ పెట్టె పుట్టింది.

ఇక బోధన. మన సీమలో ఇది కొత్త కాదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పాఠాలు చెబుతూనే సంగీతంలో విద్వాంసులయ్యారు. అన్నమయ్య కీర్తనలెన్నింటికో స్వరాలు కట్టారు. 1974లో మద్రాసు సంగీత అకాడమీవారు సంగీత కళానిధి బిరుదు ఇచ్చారు. మా ప్రొద్దుటూరులో శివతాండవం రాసిన పుట్టపర్తి నారాయణాచార్యులుగారు బళ్ళలో తెలుగు పండితులుగా పనిచేసినవారే. సంగీతమూ నాట్యమూ తెలిసినవారు కాబట్టే ఆ కావ్యం చదువుతుంటే మనకు తెలియకుండానే కాలు తాళం వేస్తుంది. బడిజీతం ఇల్లు గడిపింది, కళ మనిషిని నిలబెట్టింది.

అయితే సోదరీమణులారా, ఇక్కడే ఒక మాట చెప్పక తప్పదు. ఆ కాలంలో మగవారు ఇన్ని విద్యలు సాగించగలిగారంటే, వేళకు అన్నం పెట్టి, పిల్లల్ని నిద్రపుచ్చిన చేతులు ఆ ఇళ్ళలో ఉన్నాయి. ఎవరినీ తప్పుపట్టి అనడం లేదు. మా ఎదురింటి అమ్మాయికి మూడు పడవలని ఆమే అన్నది గాని, నేను లెక్క పెడితే నాలుగు తేలాయి. నాలుగోది వంటిల్లు. దాన్నెవరూ పడవ అనుకోరు, అది ఒడ్డే అనుకుంటారు!

నా సంగతే చెబుతాను. పెళ్ళయ్యేనాటికి నాకు వర్ణాలు వాయించడం వచ్చు. అత్తగారింట్లో వీణ వద్దని ఎవ్వరూ అనలేదు. వాయించమనీ ఎవ్వరూ అనలేదు. మెల్లగా అది అటక ఎక్కింది. వద్దంటే పోట్లాడి ఉందును. ఎవరూ ఏమీ అననప్పుడు ఎవరితో పోట్లాడేది?

అందుకని మర్నాడు నేనే వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె భర్త కూడా ఉన్నాడు, మంచి పిల్లవాడు. మొహమాటం లేకుండా అడిగాను: "నాయనా, పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర దాకా ఆ పొయ్యి దగ్గర నువ్వు నిలబడగలవా?" అని. ఆ అబ్బాయి కాసేపు తల గోక్కున్నాడు. "నాకు ఉప్మా ఒక్కటే వస్తుందత్తా" అన్నాడు. "వారానికి మూడురోజులు ఉప్మా తింటే ఎవరూ చచ్చిపోరు" అన్నాను.

ఆమెకూ ఒక మాట చెప్పాను. మూడూ సమానంగా సాగాలనుకుంటే సాగవు. ఉద్యోగం అన్నం పెడుతుంది, దాన్ని కదిలించవద్దు. కచేరీల ఆశ కొన్నేళ్ళు పక్కన పెట్టు. పాఠాలు మాత్రం మానవద్దు. సాధనకు తీరిక లేనివారికి పాఠం చెప్పడమే సాధన. పిల్లవాడు గాంధారం తప్పితే మన చెవి మేలుకుంటుంది గదా. అమెరికాలో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడిలో పిల్లలకు తెలుగు నేర్పేవారిలో ఎంతోమంది వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చునే ఉద్యోగస్తులే. వారికి జీతం ఉండదు. అయినా సెలవురోజు పలకా బలపం పట్టుకుంటున్నారంటే, దాంట్లో వారికేదో దొరుకుతున్నట్టే.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. శనివారం తరగతి మానేసి ఆదివారం ఒక్కటే ఉంచుకుంది. పన్నెండు మంది పిల్లల్లో నలుగురు వేరేచోటికి వెళ్ళిపోయారు. ఫీజు తగ్గింది. వాళ్ళ అత్తగారు "మగపిల్లవాడు పొయ్యి దగ్గరా!" అని రెండువారాలు ముభావంగా ఉన్నారట. తర్వాత ఆమే కొబ్బరిచట్నీ ఎట్లా చేయాలో కొడుక్కు ఫోనులో చెప్పారట.

శ్రుతిపెట్టె మాత్రం మా బల్ల మీద లేదు. పొద్దున్నే కిటికీ తీస్తే ఎదురింట్లోంచి వినబడుతుంది, పోపు వాసనతో కలిసి. పోయిన ఆదివారం నేనూ ఆమెతో జమ్మలమడుగు బస్సెక్కి, పిల్లల వెనక వరుసలో కూర్చున్నాను. సరళీవరుసలే, రెండో కాలంలో తడబడ్డాను. నా పక్కనున్న ఏడేళ్ళ పాప "తాళం తప్పింది అవ్వా" అన్నది.

సెలవు.