బరువు ఒక్కటైనప్పుడు

జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో ఐసోల్డె అనే విభాగం ఉంది. ప్రకృతిలో మనకు దొరకని ఐసోటోపులను 1967 నుంచి అక్కడ పుట్టిస్తున్నారు. మహావేగంతో వచ్చే ప్రోటాన్లు యురేనియం కార్బైడును ఢీకొంటే కేంద్రకాలు పగిలి వందల రకాల ముక్కలవుతాయి. సుమారు 2000 డిగ్రీల వేడికి ఆ ముక్కలు బయటికొస్తాయి. వాటికి విద్యుదావేశమిచ్చి పుంజంగా నడిపిస్తారు. గొప్పంతా పుట్టించడంలోనే ఉందని చాలామంది అనుకుంటారు. నా మాట వేరు. ఏరుకోవడం చేతకాకపోతే పుట్టించినా దక్కదు.

జింక్-82నే చూడండి. పావు సెకను తిరక్కుండానే దానిలో సగం నశిస్తుంది. దాని వెంట రుబీడియం-82 గుంపులుగా వస్తుంది. గుండె స్కానింగులో వాడేది ఈ రుబీడియమే, ఇక్కడ మాత్రం అదే తాలు. రెండింటి బరువుల్లో తేడా రెండు వేలల్లో ఒక వంతు కూడా లేదు. చాట బరువును బట్టి చెరుగుతుంది, పుంజాన్ని వేరుచేసే అయస్కాంతం చేసేదీ అదే. బరువు దాదాపు సమానమై, తాలు గింజలను ముంచెత్తితే చాటేం చేస్తుంది? పైగా వేడి లోహాన్ని తాకితే చాలు, రుబీడియం ఎలక్ట్రానును వదిలేసి పుంజంలో చేరిపోతుంది. అలా ఎంత భాగం అయాన్లవుతుందో చెప్పే లెక్కకు మూలం మన మేఘనాద్ సాహా సూత్రమే.

ప్రోటాన్లను పెంచితే సరిపోదా అంటారు. పెంచితే రుబీడియమూ పెరుగుతుంది. పోనీ, చివర్లో లెక్కగట్టి తీసేయవచ్చు కదా? కుదరదు. బరువు తూచే అయాన్ బోనులో పరాయి అయాన్లు ఎక్కువైతే అవి జింకును నెట్టి, కొలతనే తప్పుదారి పట్టిస్తాయి. ప్రతి వడపోతలో కొంత జింకు కూడా పోతుందన్న అభ్యంతరం మాత్రం నిజం. అందుకే తాలును మొదట్లోనే తగ్గించాలి. ప్రోటాన్లను పక్కనున్న టంగ్‌స్టన్ కడ్డీపైకి మళ్లించి, దాన్నుంచి వెలువడే న్యూట్రాన్లతో యురేనియాన్ని చీల్చారు. దాంతో రుబీడియం పుట్టడమే తగ్గింది. మిగిలిన దాంట్లో చాలా భాగాన్ని దారిలోని క్వార్ట్జ్ గొట్టం పట్టి ఉంచింది. జింకు పరమాణువులకే సరిపోయే రంగుల లేజర్లు వాటిని ఎంచి అయాన్లుగా మార్చాయి. ఆపైన రెండు విద్యుత్ అద్దాల మధ్య అటూ ఇటూ పరుగెత్తిస్తే, రవ్వంత బరువెక్కువైన జింకు వెనకబడి విడిపోయింది.

అలా తూచిన బరువు 2013లో వెలువడింది. న్యూట్రాన్ నక్షత్రాల పైపొరలో జింక్-82 ఉంటుందని అంతకుముందు కొన్ని లెక్కలు చెప్పేవి. కొత్త కొలతతో ఆ పేరు జాబితాలోంచి పోయింది.